రెండూ ఎడమ చేతికే వచ్చాయండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో, ఆడవాళ్ళ పేజీలో, వేళ్ళు లేని ఊలు గ్లోవ్స్ జడ డిజైనుతో ఎలా అల్లుకోవాలో అర పేజీ వేశారు. ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని మరీ అల్లినదాన్ని నేను. మీ పేపరు మా ఇంటికి ఎన్నేళ్ళుగానో వస్తోంది, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. మా మనవడు ఫోన్‌లో తెలుగు పెట్టిచ్చాడు, మైకులో చెప్పు అమ్మమ్మా అదే టైప్ చేస్తుంది అన్నాడు గానీ నేను చెప్పేదొకటి అది రాసేదొకటి, అల్లిక అంటే అల్లుడు అని రాస్తోంది, అందుకని ఒక్కో అక్షరం నొక్కుకుంటూ రాస్తున్నా, కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే ఈవిడకేం తెలుసు అనుకుంటారు. మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పెళ్ళై నేను అక్కడికి వెళ్ళింది 1977లో. అక్కడ తెలుగువాళ్ళకి కొదవ లేదు, మా వీధిలో సగం మంది శ్రీకాకుళం విజయనగరం వైపు వాళ్ళే, కానీ మా గోడ పక్క క్వార్టర్స్‌లో మాత్రం ఒక బెంగాలీ ఆవిడ ఉండేది. బౌదీ అని పిలిచేదాన్ని, అంటే వదిన. మధ్యాహ్నం మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళాక గుమ్మంలో కూచుని ఆవిడే నాకు సూదులు పట్టడం నేర్పింది. వాళ్ళు కుట్టుని ఘొర్ అంటారు, అంటే ఇల్లు. సూది మీద ఇళ్ళు ఎత్తాలి, ఇల్లు జారింది, రెండిళ్ళు కలిపెయ్యి, ఇలాగే చెప్పేది. నిట్‌ని, అంటే నున్నగా కనిపించే మామూలు కుట్టుని సోజా, పర్ల్‌ని, అంటే తిరగేసిన కుట్టుని ఉల్టో అనేది. అదే నా నోట్లో ఉండిపోయింది, కాబట్టి ఈ ఉత్తరంలో కుట్లు అనాల్సిన చోట ఇళ్ళు అని వచ్చేస్తే ఏమీ అనుకోకండి. స్వెటర్లు, మంకీ క్యాపులు, పసిపిల్లల మేజోళ్ళు, లెక్కలేనన్ని అల్లాను. మంకీ క్యాపులైతే కళ్ళు మూసుకుని. బెంగాలీ వాళ్ళకి అక్టోబర్ నుంచే అది నెత్తిన ఉండాలి కదా.

ఈ వేళ్ళు లేని గ్లోవ్స్ మాత్రం ఎప్పుడూ అల్లలేదు. మా పెద్దమ్మాయి కూతురు ఐర్లండ్‌లో, గాల్వే అనే ఊళ్ళో ఎమ్మెస్ చదువుతోంది. అక్కడ చలి కంటే గాలీ వానా ఎక్కువట, రూములో హీటర్ వేస్తే బిల్లు భయం, వెయ్యకపోతే లాప్‌టాప్ మీద వేళ్ళు కొంకర్లు. అమ్మమ్మా గ్లోవ్స్ కావాలి గానీ వేళ్ళు బయటికి ఉండాలి, టైప్ చేసుకోవాలి ఫోన్ చూసుకోవాలి అంది. సరిగ్గా ఆ వారమే మీ పేజీ వచ్చింది. దేవుడు పంపినట్టే అనుకున్నా. చెయ్యి కొలత చెప్పమంటే ఆ పిల్ల దగ్గర టేపు లేదు, వీడియో కాల్‌లోనే ఛార్జర్ వైరు అరచేతి చుట్టూ తిప్పి, దాన్ని స్కేలు మీద పెట్టి 18 సెంటీమీటర్లు అంది. మంచిది, రాసుకున్నాను.

మీ వాళ్ళు ఏం రాశారంటే 8వ నంబర్ సూదులు, 36 కుట్లు. మా ఊళ్ళో ఎండాకాలంలో ఊలు అడిగితే కొట్టువాళ్ళు వింతగా చూస్తారు గానీ, అదృష్టం, డబ్బాలో పాత వర్ధమాన్ ఉండలు రెండు ఉన్నాయి, బూడిద రంగువి. 8వ నంబర్ సూదులు కూడా ఉన్నాయి, పోనీ (Pony) అనే కంపెనీవి, ఎప్పటివో. 36 ఇళ్ళు ఎత్తి మణికట్టు దగ్గర రెండు సోజా రెండు ఉల్టో చొప్పున రిబ్బు, అంటే సాగే పట్టీ, వేసి, పైకి జడ నడిపించి, మూడు రోజుల్లో ఒకటి దించాను. కుట్టి చూస్తే అది అయిదో క్లాసు పిల్లకి సరిపోతుంది. నా చేతికి పెడితే బొటనవేలి కింద ఎముక దగ్గరే ఆగిపోయింది. కొలిచాను, 14 సెంటీమీటర్లు! 18 కావాల్సిన చోట 14.

నేనే బిగించి అల్లానేమో, వయసు మీద పడి చేతివాటం మారిందేమో అని నన్ను నేనే తిట్టుకున్నా ఒక పూటంతా. ఆ పేజీ ఫోటో తీసి మనవరాలికి పంపితే, అమ్మమ్మా ఇది అమెరికా వాళ్ళ నంబర్ అయ్యుంటుంది, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు అంది. మన 8వ నంబర్ 4 మిల్లీమీటర్లు. అసలు మనది పాత ఇంగ్లీషు వాళ్ళ లెక్క, నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 10 అంటే మూడుంపావు మిల్లీమీటర్లు, 14 అంటే 2. అమెరికా వాళ్ళది పూర్తిగా తిరగేసిన లెక్క, నంబర్ పెరిగితే సూది లావు. మన 8వ నంబర్ సూదే కావాలంటే వాళ్ళ దగ్గర 6 అని అడగాలి.

ఇది వింటూ పక్కనే పేపర్ చదువుకుంటున్న మా ఆయన లేచి వెళ్ళి, అటక మీద పనిముట్ల పెట్టె దింపించి, అందులోంచి గుండ్రటి ఇనప బిళ్ళ ఒకటి తెచ్చారు. చుట్టూ అంచున గాట్లు, ఒక్కో గాటికీ ఒక నంబర్ కొట్టి ఉంటుంది. తీగ మందం కొలిచే గేజ్ అది. నా సూది తీసుకుని ఒక్కో గాట్లో పెట్టి చూసుకుంటూ వచ్చి 8 దగ్గర దూర్చారు, అతికినట్టు కూచుంది! తీగని కంతల్లోంచి లాగి సన్నం చేస్తారటండీ, ఎక్కువసార్లు లాగితే ఎక్కువ నంబర్, అందుకని నంబర్ పెద్దదైతే తీగ సన్నం. మన సూదుల నంబర్లు ఆ తీగల నంబర్లే అన్నమాట. ఇన్నేళ్ళు అల్లాను, పెద్ద నంబర్‌కి సన్న సూది ఎందుకో ఒక్కసారీ అడగలేదు. ఆయనా ఒక్కసారీ చెప్పలేదు, నువ్వు అడగలేదుగా అంటారు. బౌదీ వాళ్ళ అమ్మ సైకిల్ పుల్లలు అరగదీసి సూదులు చేసుకుని అల్లేదట, ఆ సంగతి చెప్తే, సైకిల్ పుల్ల 14 గేజ్, అదీ సరిగ్గా మీ 14వ నంబర్ సూదే అన్నారు. 

ఒక్క మిల్లీమీటర్ తేడాకి ఇంత గొడవా అని మీ ఆఫీసులో ఎవరైనా నవ్వుతారేమో. 5 మిల్లీమీటర్ల సూది మీద, దానికి తగ్గ లావు ఊలుతో, పది సెంటీమీటర్ల వెడల్పులో దగ్గరదగ్గర 18 ఇళ్ళు పడతాయి. నా సూదీ నా ఊలుతో 23 పడ్డాయి. ఒక్కో ఇల్లు మిల్లీమీటర్ పైచిలుకు కుంచించుకుపోయింది, అలాంటివి 36 ఉంటే నాలుగు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయో మీకే తెలుస్తుంది. గాజుల కొట్టుకి వెళ్తే వాడు చెయ్యి చూసి రెండు ఆరా రెండు ఎనిమిదా అని అడుగుతాడు, ఊరికే మంచి గాజులు ఇచ్చేస్తాను తీసుకెళ్ళమ్మా అనడు కదా. మీరు సూదికి మిల్లీమీటర్ వెయ్యలేదు, ఊలు మందం చెప్పలేదు, పూర్తయితే ఎన్ని సెంటీమీటర్లు రావాలో ఒక్క ముక్క లేదు.

సరే, ఊడదీశాను. ఊలుకి ఉన్న గొప్పేమిటంటే తప్పు చేస్తే లాగి ఉండ చుట్టేసుకోవచ్చు. ఈసారి నా లెక్క నేను వేసుకుని 46 ఇళ్ళు ఎత్తాను. 18కి 46 ఎందుకంటే జడ ఉందిగా, జడ గుడ్డని దగ్గరికి లాగేస్తుంది, ఆరిళ్ళు నాలుగిళ్ళ చోట్లో సర్దుకుంటాయి. పైగా పక్క కుట్టులో అటొకటీ ఇటొకటీ పోతాయి.

జడ ఎలా పడుతుందో తెలియనివాళ్ళ కోసం చెప్తాను, ఎందుకంటే మీ పేజీలో అది చదివి ఎవరికైనా అర్థమైందంటే వాళ్ళకి దణ్ణం పెడతాను. జడలో మూడు పాయలుంటాయి గానీ ఇందులో రెండే, తాడు పేనినట్టు. మధ్యలో ఆరు సోజా ఇళ్ళు, వాటికి అటు రెండూ ఇటు రెండూ ఉల్టో. ఆ ఉల్టోలు లోపలికి దిగి ఉంటాయి కాబట్టి జడ పైకి లేచి కనిపిస్తుంది. ఆరు వరసలకోసారి, మంచి వైపు వరసలో, మొదటి మూడిళ్ళని అల్లకుండా ఒక చిన్న పుల్ల మీదకి దించి, గుడ్డకి ముందు వేలాడదీసి, వెనకున్న మూడింటినీ ముందు అల్లేసి, అప్పుడు పుల్ల మీద ఉన్న మూడింటినీ అల్లాలి. అంతే, క్యూలో వెనకవాడు ముందుకొచ్చేశాడు. పుల్ల మీద ఉన్న మూడూ గుడ్డ మీదుగా ఎడమకి ఒరుగుతాయి. పుల్లని ముందుకి కాకుండా వెనక్కి వేలాడదీస్తే జడ కుడికి ఒరుగుతుంది. దీనికోసం మధ్యలో వంపు ఉన్న సూది ప్రత్యేకంగా అమ్ముతారు, మీరూ అదే కొనమన్నారు, నేనైతే తల పిన్నుతో కానిచ్చేస్తాను. దించిన ఇల్లు జారకుండా ఉంటే చాలు.

మీరేం వేశారంటే ప్రతి 5 వరసలకీ జడ తిప్పమన్నారు. ఇది చూడగానే అచ్చు తప్పు అనుకుని 6 చేసేసుకున్నా. రెండు సూదుల మీద అటూ ఇటూ తిప్పుకుంటూ అల్లేటప్పుడు ఒక వరస మంచి వైపు, ఒక వరస వెనక వైపు వస్తుంది. 5కి ఒకసారి తిప్పితే ఒక మలుపు ముందు పడుతుంది, తర్వాతది గుడ్డ వెనక పడుతుంది. ఒక్కసారి అల్లి చూసినవాళ్ళెవరూ అది రాయరు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. పేపర్లో అచ్చయిందంటే నిజమే అయ్యుంటుందని నమ్మేసే పాత అలవాటు, ఏం చేస్తాం.

అసలు కొంప మునిగింది ఆ తర్వాత. మొదటిది చక్కగా వచ్చింది, 18కి 18. జడ కింద నుంచి వేళ్ళ దాకా పాములా పాకింది. మీరు రెండో గ్లోవ్ కూడా ఇలాగే అల్లండి అన్నారు, అలాగే అల్లాను. రెండూ కుట్టి, బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఫోటో తీద్దామని చేతులకి తొడుక్కుంటే, ఎడమ చేతిది బావుంది, కుడి చేతికి పెట్టినదాని జడ అరచేతిలోకి వచ్చింది! తిప్పి పెడితే జడ పైకొచ్చింది గానీ బొటనవేలి కంత చిటికెన వేలి వైపు పోయింది. రెండూ ఎడమ చేతివే. మా ఆయన చూసి, పర్వాలేదు పిల్లకి పుర్రచెయ్యి అని చెప్పి పంపించు అన్నారు. నాకు నవ్వు రాలేదు, ఆరు రోజుల పని.

తర్వాత కూచుని ఆలోచిస్తే తెలిసింది. గుడ్డని మడిచి పక్కన కుట్టినప్పుడు సగం చేతి పైకి వస్తుంది, సగం అరచేతిలోకి పోతుంది. జడని వరస మొదటి సగంలో పెడితే బొటనవేలి కంత జడకి కుడి పక్కన వస్తుంది, అది ఎడమ చెయ్యి. కుడి చేతికి కావాలంటే ముందు 23 ఇళ్ళు సాదాగా అల్లేసి జడని రెండో సగంలో పెట్టుకోవాలి. ఇంకో సంగతి, జడ కూడా తిరగాలి. ఎడమ దానికి పుల్ల ముందు వేలాడదీస్తే కుడి దానికి వెనక వేలాడదీయాలి, అప్పుడే రెండు చేతులూ పక్కన పెట్టుకుంటే రెండు జడలూ ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు ఉంటాయి. ఇది చెప్పకుండా ఇలాగే అల్లండి అనడం ఎలా ఉందంటే, చెప్పులు కుట్టేవాడికి ఒక కాలి కొలత ఇచ్చి రెండూ ఇలాగే కుట్టు అన్నట్టుంది.

బొటనవేలికి ఖాళీ వదలండి అన్నారు, ఎక్కడ, ఎంత? మణికట్టు రిబ్బు 6 సెంటీమీటర్లు, దాని పైన ఇంకో 3 వరకూ కుట్టేసి, 5 సెంటీమీటర్లు ఖాళీ వదిలి, పైన మిగిలింది కుట్టెయ్యాలి. ఇది తేలిక పద్ధతి. బౌదీ అయితే ఒప్పుకునేది కాదు, బొటనవేలి దగ్గర మెల్లగా ఇళ్ళు పెంచుకుంటూ పోయి చిన్న గొట్టంలా అల్లాలి అనేది, అలా అల్లినదే చేతికి హాయిగా ఉంటుంది, నిజమే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అది చెప్తే సూదులు అవతల పారేస్తారు.

చివర్లో ఆవిరి ఇస్త్రీ చేయండి అని ఒక ముక్క. మన కొట్లలో ఊలు అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం యాక్రిలిక్, గొర్రె బొచ్చు కాదు. దాని మీద వేడి ఇస్త్రీ పెడితే మెత్తబడి చచ్చిపోతుంది, మళ్ళీ సాగదు, లేవదు. నేను పెట్టలేదు, మా కింద పోర్షన్ అమ్మాయి పెట్టింది, అదీ మీ పేజీ చూసే అల్లింది. పాపం రోడ్ రోలర్ కింద పడ్డ తాడులా ఉంది జడ. ఉప్మాలో ఉప్పు రెండు చెంచాలని వేస్తే మర్నాటికి మీకు వంద ఫోన్లు వస్తాయి, దీనికి ఎవరూ చెయ్యరని ధైర్యమేమో.

ఆ పక్కన బాక్సులో వేసిన కథ గురించి కూడా చెప్పాలి. ఐర్లండ్ పక్కన ఆరన్ దీవుల్లో జాలర్ల కుటుంబాలకి ఒక్కో ఇంటికీ ఒక్కో జడ డిజైను ఉండేదని, సముద్రంలో మునిగి కొట్టుకొచ్చిన శవాన్ని స్వెటర్ డిజైను చూసి ఫలానా ఇంటివాడని గుర్తుపట్టేవాళ్ళని రాశారు. చదివి నేను కూడా కళ్ళు తుడుచుకున్నా. మా మనవరాలు ఉన్న గాల్వే ఎదురుగానే ఆ దీవులు, పడవ ఎక్కి ఒక రోజు వెళ్ళొచ్చింది కూడా. దాన్ని అడిగితే, అమ్మమ్మా అది టూరిస్టులకి చెప్పే కథ, నిజం కాదు అంది. ఆ జడల స్వెటర్లు అంత పురాతనం కూడా కాదట, అక్కడి పేదవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తాయని గవర్నమెంటు బోర్డు ఒకటి అల్లికలు ప్రోత్సహించాక 1890ల తర్వాత పెరిగినవేనట. శవం కథకి మూలం సింజ్ అనే ఆయన నాటకం. 1904లో ఆడారు. అందులో మునిగిపోయినవాణ్ణి గుర్తుపట్టేది స్వెటర్‌తో కాదు, మేజోడుతో. ఇంటి డిజైనుతోనూ కాదు, అది అల్లిన చెల్లెలు ఇళ్ళు లెక్కపెట్టుకుంటుంది, అరవై ఎత్తి నాలుగు జారవిడిచిన సంగతి తనకి గుర్తు. తన తప్పుని బట్టి అన్నని పోల్చుకుంది! ఇది మీ బాక్సులో కథ కంటే ఎంత బావుందో చూడండి. అల్లేవాళ్ళెవరినైనా అడగండి, నేనల్లిన ప్రతి స్వెటర్‌లోనూ తప్పు ఎక్కడుందో నాకు తెలుసు, వేసుకున్నవాళ్ళకి తెలీదు. 

ఫోటో సంగతి రాయకూడదనుకున్నా గానీ రాసేస్తున్నా. రెండు సూదుల అల్లిక గురించి రాసి పైన వేసిన బొమ్మలో ఉన్నది కొక్కెం సూది. అది క్రోషా అండీ. మన నరసాపురం లేసు అల్లేది దాంతోనే, ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళని ఎవరిని అడిగినా ఒక్క చూపులో చెప్తారు ఇది వేరు అది వేరు అని. రెండూ దారమే కదా అంటే పులిహోరా పులుసూ రెండింట్లోనూ చింతపండే.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఎక్కడిదో తెచ్చి తెలుగులో వేసినా మంచిదే, వెయ్యండి, ఇలాంటివి వచ్చే పేజీలే తగ్గిపోయాయి. కాకపోతే వేసేముందు ఎవరో ఒకరి చేత అల్లించి చూడండి. మీ ఆఫీసులో ఎవరికీ రాకపోతే వాళ్ళమ్మకి వస్తుంది, లేకపోతే నాకు పంపండి, వారం టైమిస్తే అల్లి చెప్తాను, డబ్బులేం వద్దు, ఊలు ఖర్చు ఇస్తే చాలు. సూది నంబర్ పక్కన మిల్లీమీటర్లు వెయ్యండి. ముందు మాత్రం ఈ గ్లోవ్స్‌కి ఒక సవరణ వెయ్యండి: 4 మిల్లీమీటర్ల సూది, 46 కుట్లు, జడ ఆరు వరసలకోసారి, కుడి చేతిదానికి జడ రెండో సగంలో, మలుపు తిరగేసి, యాక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టొద్దని. నాలుగు లైన్లే పడుతుంది. కింద పోర్షన్ అమ్మాయి రెండోది ఇంకా మొదలుపెట్టలేదు, సవరణ కోసం చూస్తోంది.

మూడోది, అంటే కుడి చేతిది, మొన్న మంగళవారం పూర్తయింది. ఎవరో గాల్వే వెళ్తుంటే జత పంపించాను, చేరాయట, పిల్ల వేసుకుని ఫోటో పెట్టింది. మిగిలిన రెండో ఎడమ చేతిది ఇక్కడే ఉంది, ఊడదీయలేదు. ఆ పేజీ రాసినవారి అడ్రస్ ఇస్తే పోస్టులో పంపిస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
విజయనగరం